ఆ కాగితం పబ్లిసిటీ కాదు

సినిమా ఎలా ఉందని ఎవరినీ అడగాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. ఆట వదిలాక జనం నడక చూస్తే చాలు, తెలిసిపోయేది. హన్మకొండలో ఒక సింగిల్ థియేటర్‌కు మేనేజర్‌గానే నా ఉద్యోగమంతా గడిచింది. కొత్త సినిమా మొదటి ఆట వదిలే వేళకు ఎగ్జిట్ గేటు పక్కన, సైకిల్ స్టాండు గోడకు ఆనుకుని నిలబడేవాణ్ని. వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో చెవిన వేసుకోవాలి. దీన్ని మేము టాక్ పట్టడం అనేవాళ్లం. తర్వాత ఆఫీసు గదిలోకి వెళ్లి డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాలి. బాగుంది, లేదు, యావరేజ్. ఆ ఒక్క మాట కోసం పట్నంలో పెద్ద పెద్దవాళ్లు టీ చల్లారబెట్టుకుని కూర్చునేవారు.

ఇప్పుడు మీరంతా ఫోన్‌లో నక్షత్రాలు ఇస్తున్నారు. ఇచ్చుకోండి, నాకేం బాధ లేదు. కానీ గేటు దగ్గర నిలబడి విన్నవాడిగా ఒక మాట చెప్పగలను. చారిత్రక సినిమా చూసి వచ్చేవాళ్లు ఛాతీ విరుచుకుని వస్తారు. ఏనుగులు అసలువా, కంప్యూటర్‌లో గీసినవా అన్నదే వాళ్ల గొడవ. ప్రతి గుంపులోనూ చరిత్ర మొత్తం తెలిసిన మహానుభావుడు ఒకడుంటాడు. 'అసలు గట్ల జరగనే లేదుర బై' అంటాడు. ఖిలా వరంగల్ రాళ్ల మీద ఆడుకుని పెరిగినవాళ్లం కదా, రాజుల సంగతి మాకు ఇంకొకడు చెప్పాలా అని ధీమా. మిస్టరీ సినిమా చూసి వచ్చేవాళ్ల వరస వేరు. మెల్లగా, పక్కవాడి మొహం చూసుకుంటూ వస్తారు. 'నాకు ఇంటర్వెల్‌కే సమజైంది' అననివాడు నాకు ఇంతవరకూ తగల్లేదు. అందరికీ ఇంటర్వెల్‌కే తెలిసిపోతుంది. మరి ఆ తర్వాత గంటసేపు నోరు తెరుచుకుని ఎందుకు కూర్చున్నారని అడిగితే జవాబు ఉండదు.

ఆ ధీమా ఒకసారి ఒక మనిషిని ఏం చేసిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను. నవ్వుకునే సంగతి కాదు, ముందే చెబుతున్నాను.

మా దగ్గర బాల్కనీ గేటుకీపర్ ఒకాయన ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో కనిపించేవాడు. టికెట్ చింపి మిగిలిన సగం ముక్క అందరిలాగా విసిరేయకుండా చేతిలో పెట్టేవాడు. థియేటర్‌లో అన్నేళ్లు పనిచేసినా ఒక్క సినిమా కూడా మొదటి నుంచి చివరిదాకా చూడలేదు. టార్చి వేసి సీటు చూపించేటప్పుడు ఒక ముక్క, తలుపు సందులోంచి ఒక ముక్క. ఒకరోజు హీరో ఎవరిని పెళ్లాడాడో మా ఆపరేటర్‌ని అడిగి తెలుసుకున్నాడు. ఆపరేటర్ అంటే పైన క్యాబిన్‌లో మిషన్ నడిపేవాడు. నోరు పెద్దది, మనసు మెత్తన. వాళ్లిద్దరిదీ ఒకటే టీ, రెండు గ్లాసులు.

గేటుకీపర్ భార్య మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చేది. దసరాకు మా ఓనరు సేటు స్టాఫ్ అందరికీ స్టీలు డబ్బాలు పంచిన ఏడాది, ఒక్కోదాని మీద థియేటర్ పేరు, కింద మనిషి పేరు చెక్కించాడు. ఆమె ఆ డబ్బాను చింతపండుతో తోమి అద్దంలా ఉంచేది. మెట్ల మీద కూర్చుని ఆయన తినేదాకా ఉండి, డబ్బా తీసుకుని పోయేది. ఒక్కతే బిడ్డ. హైదరాబాదులో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదివేది.

ఆ వానాకాలం గేటుకీపర్ భార్య తల్లికి జ్వరమని కబురొచ్చింది. ములుగు దాటాక అడవిలో వాళ్ల ఊరు. బస్సులో ములుగు దాకా, అక్కణ్నుంచి జీపు, జీపు దిగాక వాగు దాటి నడక. తల్లికి ఇష్టమని అదే స్టీలు డబ్బాలో సర్వపిండి పెట్టుకుని, ఎర్ర సంచిలో వేసుకుని బయల్దేరింది. జీపు ఎక్కానని ఫోన్ చేసింది. ఆ తర్వాత ఫోన్ లేదు, మనిషి లేదు.

వాన దంచికొట్టిన రోజు అది. మలుపు దగ్గర దింపానని జీపు నడిపే అతను చెప్పాడు. వాగు నిండుగా ఉందని ముందే దిగినవాళ్లు వెనక్కి తిరిగారట, ఈమె మాత్రం జర చూసి వస్తానని ముందుకు పోయిందట. గేటుకీపర్, ఆయన బావమరుదులు వాగు వెంబడి వెతికారు. నీళ్లు తగ్గలేదు, ఏమీ దొరకలేదు. పోలీసులకు చెప్పారు. ములుగు బస్టాండులో, దవాఖానల్లో తిరిగారు. తిరిగి తిరిగి ఆయన ఒకరోజు పొద్దున డ్యూటీకి వచ్చాడు. చేతిలో కాగితాల కట్ట. భార్య ఫొటో, పైన 'కనబడుట లేదు', కింద తన ఫోన్ నంబరు.

"సార్, గీ కాగితం మన బుకింగ్ కాడ అంటిస్త. ములుగు దిక్కెల్లి, పరకాల దిక్కెల్లి మనకాడికే గదా జనం వచ్చేది. ఎవలన్న చూసినోళ్లుంటరేమో" అన్నాడు.

"అంటియ్యి తమ్మీ, అడిగేదేంది" అన్నాను. జిగురు కూడా నేనే తెప్పించాను.

బుకింగ్ కిటికీ పక్కన, అందరికీ కనబడేలా, వచ్చే శుక్రవారం సినిమా పోస్టర్ పక్కనే అంటించాడు. ఆ పోస్టర్ మీద ఏముందో ఆ రోజు మేమెవరమూ పట్టించుకోలేదు. ఒక ఆడమనిషి నీడ, వెనుక వాన.

శుక్రవారం ఆ సినిమా వచ్చింది. మిస్టరీ. కథ ఏమిటంటే ఒక మెత్తని మనిషి భార్య కనబడకుండా పోతుంది. అతను వీధివీధి తిరిగి ఆమె ఫొటో గోడలకు అంటిస్తాడు, కనబడిన ప్రతివాడి కాళ్లూ పట్టుకుంటాడు. హాలంతా అతని కోసం ఏడుస్తుంది. చివరి పదినిమిషాల్లో తెలుస్తుంది, చంపింది అతనే. చెరువు గట్టున సంచి దొరుకుతుంది. సంగీతం మోగుతుంది.

మంచి సినిమానే. అబద్ధం చెప్పను. ఆ రోజు టాక్ పట్టి 'సూపర్' అని ఫోన్ చేసింది నేనే.

జనం బయటికొచ్చి, బుకింగ్ దగ్గర ఆ కాగితం చూసి ఆగిపోయారు. ఒకడు నవ్వాడు. ఇంకొకడు ఫోన్ తీసి దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు. సాయంత్రానికి వరుస కట్టారు. సినిమా కంపెనీ తరఫున వచ్చిన రిప్రజెంటేటివ్ పరుగెత్తుకుంటూ నా గదిలోకి వచ్చాడు.

"సార్, ఐడియా ఎవలిది? మస్తుంది! జనం పడి సస్తాండ్రు. మిగిలిన సెంటర్లల్ల గూడ గిట్లనే కొట్టిద్దాం."

"అది పబ్లిసిటీ కాదయ్యా. మా గేటుకీపర్ భార్య. నిజంగ కనవడతలేదు."

అతని మొహం మాడిపోయింది. పాపం, కుర్చీలో కూర్చుండిపోయాడు. మంచినీళ్లు తాగాడు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి అన్నాడు:

"అయితే మాత్రం తియ్యకుండ్రి సార్. జనానికి కనెక్టయితాంది."

అతన్ని కొట్టాలనిపించింది. కొట్టలేదు. అతని కడుపు కూడా ఆ సినిమా మీదే ఆధారపడి ఉంది మరి. నేనే కిందికి వెళ్లి ఆ కాగితం తీసేద్దామని గోరు పెట్టాను. వెనుక నుంచి గేటుకీపర్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"తియ్యకుండ్రి సార్. నవ్వెటోళ్లు నవ్వనీయుండ్రి. వెయ్యి మందిల ఒక్కలన్న నిజంగ చూసినోళ్లుంటరు గద."

కంపెనీ మనిషి వద్దన్న పనినే ఆయనా వద్దన్నాడు. ఇద్దరి కారణాలకూ మధ్య ఎంత దూరమో అప్పుడు ఆలోచించే తీరిక లేదు. కాగితం అలాగే ఉండిపోయింది.

మరునాడు మైకు పట్టుకుని యూట్యూబ్ పిల్లవాడు వచ్చాడు. ప్రతి సినిమాకూ వచ్చేవాడే, పబ్లిక్ టాక్ అంటూ గేటు బయట నిలబడేవాడు. ఇంజనీరింగ్ చదివాడు, ఉద్యోగం లేదు, తెలివైనవాడు. నా పనే అతనూ చేస్తున్నాడు కదా అని నాకు ఒకరకం అభిమానం కూడా ఉండేది. ఆ రోజు ఒక ప్రేక్షక మహాశయుడు అతని మైకు ముందుకొచ్చి, కళ్లద్దాలు సర్దుకుని, ఊరంతా వినేలా చెప్పాడు.

"సినిమా కిరాక్ అన్న. హంతకుడు ఎవలో నేను చెప్ప. కని నాకు ఇంటర్వెల్‌కే సమజైంది. గీ హాల్ల టికెట్ చింపెటాయన లేడూ, ఆయన భార్య గూడ గట్లనే గాయబ్ అట. అగో, ఫొటో గూడ అంటిచ్చిండు. సేమ్ టు సేమ్! నన్నడిగితే..."

అంటూ మెడ మీద చేత్తో అడ్డంగా గీసి చూపించాడు. చుట్టూ అందరూ ఘొల్లున నవ్వారు. కెమెరా తిరిగి గేటు వైపు చూసింది. అక్కడ మా మనిషి టికెట్ ముక్క ఎవరి చేతిలోనో పెడుతూ, తన గురించే నవ్వుతున్నారని తెలియక, తనూ కొంచెం నవ్వాడు. ఏదో జోక్ అనుకున్నాడు పాపం.

ఆ నవ్వు క్లిప్‌లో ఉండిపోయింది. 'భార్య పోతే నవ్వుతాండు చూడు' అని కింద రాశారు.

అదీ మొదలు. ఆ క్లిప్‌లో కాగితం కనబడింది, కాగితం మీద నంబరు కనబడింది. ఫోన్లు మొదలయ్యాయి. 'ఎక్కడ పాతిపెట్టినవ్?' 'సెకండ్ పార్ట్ ఎప్పుడు?' 'శవం సంచిల దొరికింది, వచ్చి తీస్కపో' అని చెప్పి పకపకా నవ్వేవాళ్లు. అది సినిమాలో డైలాగు. ఆయన ప్రతి ఫోనూ ఎత్తేవాడు. ఎత్తకుండా ఎలా ఉంటాడు? ఎవరో నిజంగా చూసినవాళ్లు చేస్తే? ప్రతిసారీ 'హలో, చెప్పుండ్రి, చూసిండ్రా ఆమెను?' అని అదే ఆశతో అడిగేవాడు. అవతల నవ్వు వినబడ్డాక ఫోన్‌ను జేబులో పెట్టుకుని మళ్లీ గేటు దగ్గర నిలబడేవాడు. చూడలేకపోయాను.

గేటు దగ్గర వద్దు, కొన్నాళ్లు పైన క్యాబిన్‌లో ఆపరేటర్‌కు సాయంగా ఉండమన్నాను. జనం కళ్లకు దూరంగా ఉంటాడని నా ఆలోచన. మర్నాటికి కొత్త టాక్ పుట్టింది. 'చూసిండ్రా, థియేటరోళ్లు దాచిపెట్టిండ్రు.' ఇంకేం చెప్పమంటారు! గేటు దగ్గరుంటే హంతకుడు, కనబడకపోతే పరారీ. ఊళ్లో మాట గట్టిపడ్డాక పోలీసులు కూడా మళ్లీ పిలిచి, అడిగిన ప్రశ్నలే అడిగి, సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపారు. స్టేషన్ ముందు కూడా ఎవరో ఫోన్‌తో ఫొటో తీశారు.

అంతకంటే పెద్ద దెబ్బ ఆయన నాతో చెప్పుకున్నది. క్యాబిన్ మెట్ల మీద టీ తాగుతున్నాం. గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగడం లేదు.

"బిడ్డ ఫోన్ చేసింది సార్."

"ఏమన్నది?"

"హాస్టల్ల తోటి పిల్లలు గా వీడియో చూపెట్టిండ్రట. ఏడ్సుకుంట అడిగింది. 'బాపూ, నాకు నిజం చెప్పు. నువ్వేమన్న చేసినవా?' అన్నది."

ఆయన చేతిలోని గ్లాసు తీసుకుని మెట్టు మీద పెట్టాను.

"లోకం అన్నది, అంటది. లోకానికేం ఫికర్? కని నేనెత్తుకొని పెంచిన బిడ్డ అడిగింది సార్. లేదు బిడ్డా అన్న. అయినా గొంతుల నమ్మకం లేదు దానికి. ఆమె దొరకాలె సార్. ఎట్లన్న దొరకాలె. బతికుంటె మంచిదే. లేకపోయినా దొరకాలె. లేకపోతే నా బిడ్డ నా చేతి నీళ్లు తాగది."

ఆ తర్వాత అమ్మాయి ఆయన ఫోన్ ఎత్తలేదు. హైదరాబాదు నుంచి నేరుగా మేనమామల ఊరికి పోయింది. అడవిలో వెతికేవాళ్లతో కలిసి ఆమె కూడా వాగు వెంట తిరుగుతోందని బావమరుదులు కబురు పెట్టారు.

ఆ రోజు మెట్ల మీద మా మాటలన్నీ ఆపరేటర్ పక్కన నిలబడి విన్నాడు. విని, గేటుకీపర్ జేబులోంచి ఫోన్ లాక్కున్నాడు.

"నీకు గీ బాధ వద్దే. ఇయ్యాల్టి నుంచి ఫోన్ నేనెత్తుత. ఆ లంగలకు ఎట్ల జవాబు చెప్పాల్నో నాకెరుక. నిజంగ ఎవలన్న చేస్తె నీకిస్త" అన్నాడు.

అతను మంచే చేయబోయాడు. అది నేను ప్రమాణం చేసి చెప్పగలను. పగలంతా మిషన్ పక్కన కూర్చుని, ఒక్కో ఫోనూ ఎత్తి, అవతలివాడి ఏడు తరాలనూ కడిగి ఆరేసేవాడు. గేటుకీపర్ కాస్త తల ఎత్తుకున్నాడు. నాలుగు మెతుకులు తిన్నాడు. మేమూ ఊపిరి పీల్చుకున్నాం.

మ్యాట్నీ నడుస్తుండగా ఒక ఫోన్ వచ్చింది. ముసలి గొంతు. మిషన్ చప్పుడులో సరిగా వినబడలేదట. తాను మేకలు కాసేవాణ్నని, వాగు పక్కన పొదల్లో ఎర్ర సంచి దొరికిందని చెప్పాడట. సంచిలో డబ్బా ఉందని, తన మనవడు ఫోన్‌లో వీడియో చూసి ఈ నంబరు ఇచ్చాడని, ఇంకా ఏదో చెప్పబోయాడట.

సంచి దొరికింది. ఆ వారంలో ఆ మాట చెప్పి నవ్వినవాళ్లు ఎంతమందో! ఆపరేటర్‌కు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టి, ఇంకోసారి చేస్తే కాళ్లు విరగ్గొడతానని చెప్పి, ఫోన్ కోసేశాడు. ఆ నంబరు మళ్లీ రాకుండా బ్లాక్ కూడా చేశాడు.

ముసలాయన భయపడిపోయాడు. సంచిని ఇంట్లో చూరుకు తగిలించి ఊరుకున్నాడు. మళ్లీ వాన పట్టుకుంది, వాగు మళ్లీ పెరిగింది.

ఆ తర్వాతి శుక్రవారం సినిమా మారింది. చారిత్రకం. పెద్ద హడావుడి, గుర్రాలు, కోటలు, బ్యాండు మేళం. కథలో ఒక సేనాపతి ఉంటాడు. రాజుకు ప్రాణమిచ్చే మనిషి. కోటలో ఎవరో పుట్టించిన పుకారు నమ్మి రాజు అతన్ని ద్రోహి అంటాడు. నడివీధిలో నిలబెడతారు. నిన్నటిదాకా పూలు చల్లిన జనమే రాళ్లు వేస్తారు. తల తెగిపడ్డాక నిజం తెలుస్తుంది.

గేటుకీపర్ తానే అడిగి గేటు దగ్గరికి వచ్చేశాడు. పైన ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోందన్నాడు. కొత్త సినిమా వచ్చింది కదా, పాతది జనం మరిచిపోయి ఉంటారని నేనూ అనుకున్నాను.

మ్యాట్నీ చివరికి వచ్చింది. నా గదిలో ల్యాండ్‌లైన్ మోగింది. అడవి పక్కన ఉన్న పోలీస్ స్టేషన్ నుంచి. మీ థియేటర్ పేరు చెక్కిన స్టీలు డబ్బా ఒకటి దొరికిందని, దాని మీద ఒక మనిషి పేరు కూడా ఉందని చెప్పారు. మేకలాయన మనవడు ఇక ఊరుకోలేక సంచి తీసుకొచ్చి ఇచ్చాడట. సంచి దొరికిన చోటు నుంచి కిందికి వెతికారు. ఎంతో దూరం పోవాల్సిన పని పడలేదట. ఆమె శవం పడిపోయిన చెట్టు వేర్లలో చిక్కుకుని ఉందట. దెబ్బలు లేవు, ఎవరూ ఏమీ చేసిన గుర్తు లేదు, వాగే తీసుకుపోయింది అన్నారు. ఫోన్ చేస్తే ఎవరో తిట్టారని ముసలాయన అంటున్నాడు, అదేంటని అడిగారు.

ఆపరేటర్ అప్పుడే కలెక్షన్ కాగితం మీద సంతకానికి నా గదికి వచ్చి ఉన్నాడు. నా మాటలు విన్నాడు. గోడకు చేరగిలబడి, 'నేనే కోసిన సార్, నేనే కోసిన' అంటూ కిందికి జారిపోయాడు.

నేను కిందికి దిగాను. ఆ మెట్లు దిగడం ఇప్పటికీ నా కాళ్లకు గుర్తుంది. గేటుకీపర్ ఎగ్జిట్ తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసి, సందులోంచి సినిమా చూస్తున్నాడు. లోపల సేనాపతిని మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. నన్ను చూశాడు. నా మొహం చూసి ఆయనకు అర్థమైపోయింది.

"దొరికిందా సార్?"

"దొరికింది తమ్మీ."

"వాగులనే?"

"వాగులనే."

ఆయన ఏడవలేదు. తల ఊపాడు. నేను భుజం పట్టుకుని, పద, జీపు మాట్లాడతా, పోదాం అన్నాను.

"జర ఆగుండ్రి సార్. ఆట వదిలే టైమైంది. గేటు తియ్యాలె గద" అన్నాడు.

గేటు తీశాడు. తలుపు రెక్క పట్టుకుని పక్కకు నిలబడ్డాడు. జనం ఏడుస్తూ బయటికి వచ్చారు. నిజంగానే ఏడుస్తున్నారు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకుంటున్నారు. ఒకాయన అరచేత్తో ముక్కు తుడుచుకుంటూ, 'ఏ తప్పు చెయ్యనోని పానం తీసిండ్రు గదనే' అన్నాడు. మైకు పిల్లవాడు అడుగుతున్నాడు, వాళ్లు చెబుతున్నారు. కడుపు తరుక్కుపోయిందన్న. జనం గట్ల ఎట్ల నమ్ముతరన్న. మనిషన్నోడు ఒక్కడు లేడా ఆ రాజ్యంల అన్న. అలా చెప్పినవాళ్లే వెనక్కి తిరిగి, గేటు పట్టుకుని నిలబడ్డ ఆయన్ను చూసి మోచేతులతో పొడుచుకున్నారు. ఒకడు పోతూ పోతూ, కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి, ఆయన మొహంలోకి వంగి అన్నాడు:

"ఏందే, నిన్నింక లోపలెయ్యలేదా?"

నాకు కోపం తలకెక్కింది. ఇన్నేళ్లు ప్రేక్షకుడితో గొంతు పెంచి మాట్లాడినవాణ్ని కాదు. వాణ్ని కాలర్ పట్టుకుని గోడకు నెట్టాను. మైకు పిల్లవాడి చేతిలోంచి మైకు గుంజుకున్నాను.

"ఇగో, ఇది పెట్టుండ్రి మీ ఛానెల్ల. ఆమె వాగుల కొట్టుకపోయి సచ్చిపోయింది. ఇప్పుడే తెలిసింది. తల్లికి సర్వపిండి తీస్కపోతా సచ్చిపోయింది. ఈయనేం చెయ్యలేదు. వినవడ్డదా? ఈయనేం చెయ్యలేదు!"

కళ్లు తుడుచుకున్న ఆడవాళ్లలో ఒకావిడ 'అయ్యో' అంది. తక్కినవాళ్లు నేల చూపులు చూస్తూ, సైకిల్ స్టాండు వైపు, ఆటోల వైపు త్వరత్వరగా జారుకున్నారు. మైకు పిల్లవాడు మాత్రం మొహం తెల్లబడి అక్కడే నిలబడ్డాడు. నేను మైకు తిరిగి ఇచ్చాను. ఆ మాటలు అతను పెట్టాడు కూడా. అందుకు అతన్ని మెచ్చుకోవాలి. కాకపోతే ఎవరూ చూడలేదు. మొదటి క్లిప్ ఊరంతా చూసింది, రెండోది మా స్టాఫ్ మేము చూశాం.

ములుగు దవాఖాన దగ్గరికి చేరేసరికి అమ్మాయి, మేనమామలు అక్కడే ఉన్నారు. గుడ్డ కప్పి, మూటలా కట్టి ఉంచారు. మొహం చూపించమని అమ్మాయి గొడవ పడుతోంది. వద్దమ్మా, చూడలేవు అని డాక్టరు బతిమాలుతున్నాడు. ఆ ముసలాయన ఫోన్ చేసిన రోజే వెళ్లి ఉంటే చూడగలిగేదేమో. ఆ మాట అక్కడ ఎవరం పైకి అనలేదు. ఆపరేటర్ గేటు బయటే నిలబడిపోయాడు, లోపలికి రాలేదు. తర్వాత ఒకరోజు తానే గేటుకీపర్‌కు మొత్తం చెప్పేశాడు. ఆయన విని, తిట్టలేదు, ఓదార్చలేదు, లేచి వెళ్లిపోయాడు. వాళ్లిద్దరూ మళ్లీ కలిసి టీ తాగింది నేను చూడలేదు.

తండ్రిని చూడగానే ఆ పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి కాళ్ల మీద పడింది.

"బాపూ, నేనట్ల అడగొద్దుండె బాపూ. గా వీడియో చూసి నాకు మనసు మనసుల లేకుండె. నన్ను కొట్టు బాపూ."

ఆయన వంగి, ఆ పిల్లను లేపి, జుట్టు సరిచేశాడు. అప్పటికీ కంట నీరు లేదు. చాలా మెల్లగా అన్నాడు:

"నీ తప్పేమున్నది బిడ్డా. సినిమా మంచిగ తీసిండ్రు."

కోపంతో అన్నాడా, నిజంగానే అన్నాడా, నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ పిల్లకూ తెలియదనుకుంటాను. ఆమె చదువు పూర్తి చేసి ఇప్పుడు పరకాలలో నర్సుగా పనిచేస్తోంది. ఆయన ఉద్యోగం మానేసి, అత్తగారి ఊళ్లోనే, వాగు అవతల, రెండు మేకలు పెట్టుకుని ఉంటున్నాడు. రోజూ సాయంత్రం బిడ్డ ఫోన్ చేస్తుంది. తిన్నవా, తిన్న. వాన పడ్డదా, పడ్డది. అంతే. వచ్చి నా దగ్గర ఉండు బాపూ అని ఎన్నిసార్లు పిలిచినా పోలేదు. ఒకే ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని అన్నం తినాల్సి వస్తుందని పోవడం లేదని నాకు అనిపిస్తుంది.

థియేటర్ మూతపడింది. నేను ఇంట్లో కూర్చుని టీవీలో సినిమాలు చూస్తున్నాను. చారిత్రకం వస్తే చూస్తాను. మిస్టరీ వస్తే లేచి బయట నిలబడతాను. మా ఇంట్లోవాళ్లు లోపల నుంచి 'ఆయనే, ఆయనే, నాకు అప్పుడే తెలిసింది' అని అరుస్తుంటే చెవులు మూసుకోవాలనిపిస్తుంది. చెప్పి లాభం లేదని ఊరుకుంటాను.

ఆ మొదటి క్లిప్ ఇప్పటికీ ఉంది. మైకు పిల్లవాడు తీసేశాడు గానీ అప్పటికే ఎంతమందో దాన్ని తమ ఖాతాల్లో పెట్టుకున్నారు. మొన్న మా మనవరాలు చూపించింది. కింద ఎవరో కొత్తగా రాశారు, 'ఇంతకు ఆయన భార్య దొరికిందా?' అని.

నాకు ఫోన్‌లో రాయడం సరిగా రాదు. మనవరాలి చేత రాయిస్తే మర్యాదగా ఉండదని, ఒక్క వేలితో నేనే రాశాను. దొరికింది, వాగులో కొట్టుకుపోయి చనిపోయింది, ఆయనకు ఏ పాపమూ తెలియదు, ఆ థియేటర్ మేనేజర్‌ని నేనే చెబుతున్నాను అని. రాసి, చాలాసేపు చూసి, పంపించాను.

పొద్దున లేచి చూస్తే కింద జవాబు వచ్చి ఉంది. నవ్వే బొమ్మ ఒకటి, పక్కన మాట:

"ఓకే అంకుల్. మరి వాగుల తోసింది ఎవరు?"